నూరేళ్లు దాటిన పేరు: పింఛను జాబితాలో మనిషి ఉన్నారా, పేరొక్కటే మిగిలిందా?

టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దక్షిణాన ఉంటుంది పర్సుడీహ్. ఉక్కు కర్మాగారంలోకో రైల్వేలోకో పనికి వచ్చి, మళ్లీ ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్ చుట్టుపక్కల తరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వెలిసిందీ అందుకే. అలాంటి ఒక ఇంట్లో 92 ఏళ్ల అమ్మమ్మ ఉందనుకుందాం. రైల్వేలో పనిచేసిన భర్త పోయాక ఆమెకు కుటుంబ పింఛను వస్తోంది. ఆమె బతికే ఉన్నట్టు ఏటా ఒకసారి ప్రభుత్వానికి తెలియజెప్పాలి. లేకపోతే పింఛను ఆగిపోతుంది.

వినడానికి చిన్న పనే. కానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. మనిషి వయసు పెరిగేకొద్దీ జాబితాలోని పేరును అనుమానించడానికి కారణాలు పెరుగుతాయి. అదే సమయంలో, ఆ అనుమానం తీర్చాల్సిన యంత్రాల ముందు నిలబడే శక్తి ఆ మనిషికి తగ్గుతుంది. మొదటిది అంకెలకు, రెండోది శరీరానికి సంబంధించిన విషయం.

ఎనభై దాటితే డబ్బు మారుతుంది

ముందు నిబంధనలు చూద్దాం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్లు నిండినవారు రద్దీ లేకుండా అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. కర్మాగారాల్లో పనిచేసి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) కింద డబ్బు తీసుకునేవారు ఏ నెలలో ఇచ్చినా సరే, అది ఏడాదిపాటు చెల్లుతుంది. పేదలకిచ్చే ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 79 ఏళ్ల వరకు నెలకు రూ.200, ఎనభై నుంచి రూ.500. రాష్ట్రాలు దీనికి తమ వాటా కలుపుతాయి.

కేంద్ర ప్రభుత్వ పింఛనులో వయసుకు ఇంకా ఎక్కువ విలువ ఉంది. 80 ఏళ్లకు మూల పింఛను మీద అదనంగా 20 శాతం వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం. నూరేళ్లు నిండితే నూరు శాతం, అంటే రెట్టింపు. కాబట్టి అధికారి ముందు ప్రశ్న 'బతికి ఉన్నారా' అన్నదొక్కటే కాదు. ఈమె ఆమేనా, ఆమె వయసు నిజంగా అంతేనా అన్నవి కూడా తేలాలి. ఈ మూడింటికీ జవాబు వెతికే దారులు వేరు. ఆచరణలో మాత్రం వీటన్నిటినీ ఒక్క వేలిముద్ర మీద పెట్టేస్తుంటాం.

తప్పు చిన్నదే, జాబితా చివర్లో అదే పెద్దదవుతుంది

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి సర్వే అంకెలు కావు, విషయం అర్థం కావడానికి నేను వేసుకున్న నమూనా. నడివయసు దాటాక మనిషి ఏడాదిలో చనిపోయే అవకాశం సుమారు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. ఈ ధోరణిని 1825లో బ్రిటన్‌కు చెందిన బీమా గణకుడు బెంజమిన్ గాంపెర్ట్జ్ సూత్రంగా రాశాడు. 80 ఏళ్ల వయసులో ఆ అవకాశం ఏడాదికి 7.5 శాతం అనుకుందాం. అప్పుడు ఎనభై ఏళ్లున్న 10,000 మందిలో తొంభైకి చేరేవారు దాదాపు 3,000. నూరేళ్లకు చేరేవారు 180 మంది. 105కు చేరేవారు పన్నెండు మందే.

ఇప్పుడు మన రికార్డులు చాలా బాగున్నాయనుకుందాం. వంద మరణాల్లో 99 వెంటనే నమోదై ఆ పేర్లు తొలగిపోతున్నాయి, ఒక్కటి మాత్రమే జారిపోతోంది. తొంభై ఏళ్ల దగ్గర చూస్తే జాబితాలో బతికున్నవారు 3,000, చనిపోయినా మిగిలిన పేర్లు 70. అంటే రెండు శాతం పైచిలుకు, పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది. నూరేళ్ల దగ్గర 180 మంది మనుషులు, 98 ఉత్త పేర్లు. అంటే మూడింట ఒకటికి పైగా. 105 ఏళ్ల దగ్గరికొస్తే పన్నెండు మంది మనుషుల పక్కన దాదాపు వంద పేర్లు ఊరికే ఉంటాయి. పదింటిలో తొమ్మిది పేర్లకు మనుషులు లేరు!

ఎక్కడా ఎవరూ మోసం చేయలేదు. గుమాస్తా నిద్రపోలేదు. నూటికి 99 పాళ్లు సరిగా నడిచిన వ్యవస్థలోనే ఇలా జరిగింది. మనుషులు త్వరగా తగ్గిపోతారు, తప్పులు తగ్గవు. కారణం అంతే.

ఈ సంగతి తెలియక పెద్ద పెద్ద దేశాలు గందరగోళపడ్డాయి. 2010లో టోక్యోలో అత్యంత వృద్ధుడిగా, 111 ఏళ్లవాడిగా నమోదైన వ్యక్తి ఇంటికి అధికారులు వెళ్తే, ఆయన సుమారు ముప్పై ఏళ్ల కిందటే చనిపోయాడని తేలింది. ఆయన పేరిట పింఛను మాత్రం కుటుంబానికి అందుతూనే ఉంది. ఆ తర్వాత జపాన్ తన కుటుంబ రిజిస్టర్లు వెతికితే, నూరేళ్లు దాటి ఆచూకీ లేని పేర్లు 2,34,354 కనిపించాయి. వాటిలో అత్యధికం యుద్ధకాలంలోనో వలసల్లోనో కనుమరుగైనవారి పేర్లు. పింఛనుతో వాటికి సంబంధం లేదు.

అమెరికాలో 2025 ఆరంభంలో, 150 ఏళ్ల వాళ్లు సోషల్ సెక్యూరిటీ జాబితాలో ఉన్నారంటూ పెద్ద దుమారం రేగింది. నిజానికి ఆ సంస్థ తనిఖీ విభాగమే 2023లో లెక్క తేల్చి చెప్పింది. 1920లోగానీ అంతకుముందుగానీ పుట్టి, మరణ వివరం నమోదుకాని పేర్లు 1 కోటి 89 లక్షలు. వాటిలో డబ్బు అందుతున్నవి దాదాపు 44 వేలు. రికార్డులో పేరుండటం వేరు, ఆ పేరు మీద డబ్బు వెళ్లడం వేరు. ఈ తేడా వదిలేస్తే ఏ అంకెనైనా కుంభకోణంగా చూపించొచ్చు.

పుట్టిన తేదీ ఎవరు చూశారు?

మన అమ్మమ్మ వయసు 92 అని ఎలా తెలుసు? జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పల్లెల్లో పుట్టినవారిలో చాలామందికి కాగితం లేదు. 'పెద్ద తుపాను వచ్చిన ఏడు', 'పెద్దబ్బాయి తర్వాత రెండేళ్లకు' అని చెప్పుకుని, ఎవరో రాసుకుని, అదే రేషన్ కార్డులోకీ అక్కడినుంచి ఆధార్‌లోకీ పాకింది. బడికి వెళ్లినవారికి మాస్టారు వేసిన తేదీ, వెళ్లనివారికి జనవరి 1.

అడిగినప్పుడు వయసును ఐదుకో పదికో సర్ది చెప్పడం మనకు అలవాటు. జనాభా లెక్కల్లో 60, 65, 70 దగ్గర గుట్టలు, మధ్యలో గుంటలు కనిపిస్తాయి. వయసు మీదపడ్డాక నాలుగేళ్లు కలిపి చెప్పుకోవడంలో గౌరవం కూడా ఉంది. 2011 జనగణనలో నూరేళ్లు దాటామని చెప్పినవారు సుమారు 6 లక్షల మంది. దీర్ఘాయువుకు పేరుపొందిన జపాన్‌లో అదే ఏడాది శతాధికులు దాదాపు 47 వేలు. జనాభాలో తేడాను లెక్కలోకి తీసుకున్నా, ఈ 6 లక్షలను ఉన్నదున్నట్టు నమ్మడం కష్టం. వయసు తప్పు రాసి ఉన్నంత మాత్రాన ఆ మనిషి దొంగ కాదు, పింఛనుకు అనర్హురాలూ కాదు. రికార్డులో 104 ఉన్న ముసలమ్మ నిజంగా 93 అయితే ఆమెకు వృద్ధాప్య పింఛను రాకూడదా?

వలస వచ్చిన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు, పేరు. మనకు ఇంటిపేరు ముందు. ఝార్ఖండ్ దరఖాస్తులో ఇంటిపేరు చివర. అప్పారావు కాస్తా హిందీ కాగితాల్లో 'అప్పా', 'రావ్' అని రెండుగా విడిపోయి, రావే ఇంటిపేరై కూర్చుంటుంది. ఉద్యోగపు కాగితంలో ఒక పేరు, బ్యాంకులో మరొకటి, ఆధార్‌లో ఇంకొకటి. మనిషి కంటికి ఇవి ఒక్కటే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. ఇలాంటి పేర్లనూ చిరునామాలనూ కలిపి, ఎవరు ఎవరో అంచనా వేసే 'సమగ్ర వేదిక' వ్యవస్థను తెలంగాణ వాడింది. ఆ రాష్ట్రంలో 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

వేలిముద్ర ఎందుకు పడదు?

వేలి కొనల మీది గీతలు తల్లి కడుపులో ఆరో నెల నిండేలోపే ఏర్పడతాయి. పుట్టుక నుంచి చావు దాకా ఆ అల్లిక మారదు. అందుకే పోలీసులైనా ఆధార్ అయినా దాన్ని నమ్ముతారు. మారనిది అల్లిక మాత్రమే. దాన్ని మోసే చర్మం మారుతుంది. వయసుతోపాటు పైచర్మం పలచబడుతుంది, కింది పొరలో కొలాజెన్ తగ్గుతుంది, రెండు పొరల్ని కలిపి ఉంచే చిన్న చిన్న మెట్టలు చదునవుతాయి. గీతల ఎత్తు తగ్గుతుంది, వాటి మీద ముడతలు అడ్డంగా పడతాయి. చెమట గ్రంథులు మందగించి వేళ్లు ఎండిపోతాయి.

ఎండిపోతే ఏమవుతుందో చూడటానికి స్కానరు లోపలికి వెళ్లాలి. వాడుకలో ఉన్న చాలా పరికరాలు కాంతితో పనిచేస్తాయి. గాజు లోపలి నుంచి కాంతిని తగినంత ఏటవాలుగా పంపితే, అవతల గాలి ఉన్నచోట అది బయటికి పోలేక మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఇంటర్‌లో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనమే ఇది. వేలి గీత గాజును తాకినచోట మాత్రం గాలి ఉండదు. కాంతి చర్మంలోకి జారిపోతుంది, కెమెరాకు అక్కడ నల్లగీత కనిపిస్తుంది. గీతల మధ్య పల్లంలో గాలి ఉంటుంది కాబట్టి అక్కడ తెలుపు. ఈ తాకిడి గట్టిగా కుదరాలంటే వేలి మీద సన్నటి తేమ ఉండాలి. పొడి వేలికీ గాజుకూ మధ్య కంటికి కనిపించనంత గాలి పొర మిగిలినా చాలు, కాంతి వెనక్కే వస్తుంది. నిండు గీత రావాల్సినచోట చుక్కలు చుక్కలుగా వస్తుంది. 'ఇంకోసారి పెట్టండి' అంటారు. తడి గుడ్డతో వేలు తుడవమనడం, కాస్త నూనె రాయమనడం మూఢనమ్మకమేమీ కాదు, భౌతికశాస్త్రమే. తేమ మరీ ఎక్కువైతే పల్లాలు కూడా నిండిపోయి అంతా నల్లటి మచ్చవుతుంది, అది వేరే సంగతి.

దీనికి తోడు పని. కొలిమి దగ్గర, ఇటుకల దగ్గర, గిన్నెలు తోముతూ, వరి కోస్తూ నలభై ఏళ్లు గడిపిన చేతుల గీతలు వయసుకు ముందే అరిగిపోయి ఉంటాయి.

కంటిపాప ముద్ర, అంటే ఐరిస్, దీనికన్నా స్థిరమైనది. శుక్లాలు ఐరిస్‌కు వెనకుండే కటకంలో వస్తాయి కాబట్టి అవి నేరుగా అడ్డుకాదు. కానీ శస్త్రచికిత్స తర్వాత కంటిపాప ఆకారం మారొచ్చు. ముసలితనంలో కనురెప్పలు వాలిపోతాయి, నల్లగుడ్డు అంచున తెల్లటి వలయం ఏర్పడి సరిహద్దు మసకబారుతుంది. తల వణుకుతుంటే కెమెరా నిలకడగా చూడలేదు. ముఖ గుర్తింపును జీవన్ ప్రమాణ్‌లో 2021 నవంబరులో ప్రవేశపెట్టాక చాలామందికి పని తేలికైంది. ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. ఫొటోను చూపించి మోసం చేయకుండా కనురెప్ప ఆర్పమని ఆ యాప్ అడుగుతుంది. వినికిడి తగ్గిన, మంచం మీద ఉన్న మనిషికి ఆ సూచన అందించడమే కష్టం. పదేళ్ల కిందటి ఆధార్ ఫొటోకూ, పళ్లూడి బుగ్గలు లోపలికి పోయిన ఇప్పటి ముఖానికీ పోలిక కుదరకపోవచ్చు.

'ఐదు శాతం' అంటే ఏమిటి?

యంత్రం ఐదు శాతం మందిని గుర్తించలేదంటే, ఒక్కొక్కరూ ఇరవై సార్లలో ఒకసారి విఫలమవుతారని అనుకుంటాం. అలా జరగదు. పడే వేలు ఎప్పుడూ పడుతుంది, పడని వేలు దాదాపు ఎప్పుడూ పడదు. వైఫల్యమంతా ఆ కొద్దిమంది మీదే ప్రతి నెలా పడుతుంది. వాళ్లు ఎవరంటే ముసలివాళ్లు, చేతులతో పనిచేసి బతికినవాళ్లు. సగటు అంకె ఈ సంగతిని దాచేస్తుంది.

ఇంకో లెక్క. 10,000 పేర్ల జాబితాలో వంద ఉత్త పేర్లు, మిగతా 9,900 మంది అసలు మనుషులు అనుకుందాం. యంత్రం ఆ వందనూ పట్టుకుంది. అసలు మనుషుల్లో ఐదు శాతాన్ని, అంటే 495 మందిని గుర్తించలేకపోయింది. 'ముద్ర పడనివారు 595' అని నివేదిక వస్తుంది. వాళ్లందరినీ తీసేస్తే ఆరుగురిలో ఐదుగురు బతికున్నవాళ్లే. పత్రికలో మాత్రం '595 బోగస్ పింఛన్ల ఏరివేత' అని శీర్షిక వస్తుంది. ఇలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు ఒకటే సందేహం, ఆ సంఖ్యలో ఎంతమంది ఇళ్లకు ఎవరైనా వెళ్లి చూశారు?

2016-17 ఆర్థిక సర్వే ఉటంకించిన అంచనాల ప్రకారం ఆధార్ ధ్రువీకరణ వైఫల్యం ఝార్ఖండ్‌లో 49 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాలో 5 శాతం. వేళ్లు అంత తేడాగా ఉండవు కదా. సిగ్నల్, సర్వర్, పరికరం, ఆధార్ అనుసంధానం అన్నీ ఈ తేడాలో భాగమే అయి ఉండాలి.

రెండు రాష్ట్రాల్లో జరిగిన పెద్ద ప్రయోగాలు ఇంకా విలువైన సంగతి చెబుతాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకీ సామాజిక పింఛన్లకూ బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు వాడినప్పుడు 157 మండలాల్లో ఫలితాలు పరిశీలించారు. 2016లో ప్రచురించిన ఆ అధ్యయనంలో డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది, అర్హులు బయటపడలేదు. ముద్ర పడనివారికి చేతి సంతకంతో చెల్లించే వీలు అక్కడ వదిలారు. అదే బృందం ఝార్ఖండ్‌లో రేషన్ దుకాణాల్లో ఆధార్ ధ్రువీకరణను పరీక్షించింది. కేవలం వేలిముద్రను తప్పనిసరి చేయడం వల్ల అక్రమాలు తగ్గలేదు. అంతకుముందు ఆధార్ జతపరచని కుటుంబాలకు అందే సరుకు మాత్రం 10 శాతం తగ్గింది. తర్వాత యంత్రం లెక్కల ఆధారంగా డీలర్లకు కోటా కోసినప్పుడు అక్రమాలు తగ్గాయి, కానీ అర్హులకు అందేదీ తగ్గింది. పరికరం దాదాపు ఒకటే. పొదుపు ముందా, మనిషి ముందా అన్న నిర్ణయం వేరు.

అనుమానం యంత్రానిది, నిర్ధారణ మనిషిది

2025 జులైలో ఆధార్ సంస్థ ఒక సంగతి ప్రకటించింది. రాష్ట్రాల మరణ రికార్డులతో సరిపోల్చి అప్పటికి సుమారు 1.17 కోట్ల ఆధార్ సంఖ్యలను నిలిపివేసింది. దాంతోపాటు, వయసు నూరేళ్లు దాటినట్టున్నవారి వివరాలను ప్రయోగాత్మకంగా రాష్ట్రాలకు పంపి, వారు బతికున్నారో లేదో కనుక్కోమని కోరింది. ఆ నివేదిక వచ్చాక, తగిన పరిశీలన చేశాకే సంఖ్యను ఆపుతామంది. మన నమూనా లెక్క చెప్పిన చోటే వాళ్లు వెతుకుతున్నారు. 70 ఏళ్ల వారందరినీ వరుసలో నిలబెట్టడం కన్నా, పేర్లు తక్కువగానూ అనుమానం ఎక్కువగానూ ఉన్న చివరి కొసను ఇళ్లకు వెళ్లి చూడటం చవక, నమ్మకం. వరుస మాత్రం తారుమారు కాకూడదు. ముందు ఆపేసి తర్వాత విచారిస్తే, ఆ మధ్య నెలల్లో మందులకు డబ్బు ఎక్కడిది?

అమెరికాలో ఇంకో పద్ధతి ఉంది. 90 దాటి, మూడేళ్లుగా ప్రభుత్వ వైద్య బీమాను అసలు వాడనివారిని గుర్తించి సంప్రదిస్తారు. ఆ వయసులో మూడేళ్లు ఆస్పత్రి గడప తొక్కకపోవడం అరుదు కాబట్టి అదొక మంచి సూచన. మన దగ్గర ఇలా రికార్డులు కలపాలంటే వైద్య సమాచార గోప్యత గురించి ముందు మాట్లాడుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి పింఛను చేతికిస్తున్నారు. ప్రతి నెలా మనిషిని మనిషి చూస్తున్నప్పుడు వేరే లైఫ్ సర్టిఫికెట్ ఎందుకు? తెలంగాణ 2019లోనే తన విశ్రాంత ఉద్యోగులకు ఫోన్‌లో సెల్ఫీతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలు కల్పించింది.

ఇక మన అమ్మమ్మ ఇంట్లోవాళ్లు చేయగలిగింది. బొటనవేలు పడకపోతే మిగతా తొమ్మిది వేళ్లూ ప్రయత్నించమని అడగండి. వేళ్లు పడకపోతే ఐరిస్, అదీ కాకపోతే ముఖం. జీవన్ ప్రమాణ్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి కాదని 2021 మార్చిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అధీకృత అధికారి సంతకం చేసిన కాగితం ఇప్పటికీ చెల్లుతుంది. కదలలేని పింఛనుదారుల కోసం బ్యాంకు ఉద్యోగిని ఇంటికో ఆస్పత్రికో పంపాలని బ్యాంకులకు ఆదేశాలున్నాయి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున పోస్ట్‌మ్యాన్ రూ.70 రుసుముకు ఇంటికి వచ్చి డిజిటల్ సర్టిఫికెట్ చేసిపెడతాడు. ఒక్క జాగ్రత్త. ఫోన్‌కు ప్రమాణ్ ఐడీ రాగానే పని అయిపోయినట్టు కాదు. పింఛను ఇచ్చే కార్యాలయం దాన్ని ఆమోదించిందా, తిప్పి పంపిందా అన్నది వేరుగా చూసుకోవాలి. పేరులో తేడా ఉన్నవారికి ఎక్కువగా ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే కాబట్టి, నవంబరు ముగిసేలోపే జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లో స్థితి చూడండి.